పురుగుల గది మీద వాష్ బేసిను

"అదేమీ పెద్ద పని కాదప్పా," అన్నాడు మోహన్‌కుమార్, కాఫీ లోటా కింద పెట్టి.

మెట్ల మీద కూర్చొని బీన్సు తుంచుతున్న పుష్పావతి చెయ్యి ఆగిపోయింది. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆమెకు ఒకటి బాగా తెలిసింది. మొగుడు "పెద్ద పని" అని మొదలుపెడితే భయం లేదు, రెండు మాటల్లో తేలిపోతుంది. "పెద్ద పని కాదు" అని మొదలుపెడితేనే కొంప మునిగేది.

మత్తిగిరిలో చెన్నకేశవ ఇంటి ముందరి తిన్నె అది. ఆదివారం సాయంత్రం. ఇంటి యజమాని చెన్నకేశవ మల్బరీ ఆకు కోసే కత్తిని సాన పట్టుకుంటున్నాడు. ఆయన తల్లి మునిలక్ష్మమ్మ గోడకు ఆనుకొని వక్క నములుతోంది. పట్టుపురుగుల గది తాళంచెవి ఎప్పుడూ ఆమె నడుముకే ఉంటుంది. ఆమె తమ్ముడి కొడుకు వెంకటేశులు మేనత్తను చూసిపోదామని బాగలూరు నుంచి వచ్చినాడు. అక్కడ ఆయనకు రెండెకరాల గులాబీతోట. ఇక ముత్తప్ప ఎదురింటివాడు, పశువుల ఫారంలో పని. మోహన్‌కుమార్ ఏం చెప్పినా నమ్మేవాడు మత్తిగిరి మొత్తానికి ఆయనొక్కడే.

పుష్పావతి వాళ్లది మేడమీది బాడుగ ఇల్లు. బాత్రూములో వాష్ బేసిను ఉందని మోహన్‌కుమార్ పట్టుబట్టి ఈ ఇల్లే తీసుకున్నాడు. ఆఫీసర్ల ఇళ్లలో అట్లనే ఉంటుందట. సరిగ్గా ఆ బాత్రూము కిందనే పురుగుల గది. బేసిను పైపు నేలలోని బెజ్జం గుండా దిగి, ఆ గది సీలింగు వారగా పోయి, గోడ దాటి బయటపడుతుంది. మూడు వారాల కిందట అది బేసిను మొదట్లోనే చీలింది. బొక్కెన పెట్టినా, ఎత్తడం మరిచిన పూట నీళ్లు నేలలోకి ఇంకి కింద గదిలో కారేవి. ప్లంబరు మారియప్ప "రేపొస్తా" అంటూనే మూడు వారాలు గడిపేసినాడు.

పోయిన సోమవారం చెన్నకేశవ మెట్లెక్కి వచ్చి, గొంతు పెంచకుండానే చెప్పిపోయినాడు.

"వచ్చే సోమవారం గదిలోకి పురుగు దిగుతుందమ్మా. అంతలోపల ఆ కారేది నిలవకపోతే ఇల్లు ఖాళీ చెయ్యండి. నాకు వేరే దోవ లేదు."

కూతురు రంజితకు పదో తరగతి పబ్లిక్ పరీక్షలు ఇంక పదిరోజులే. రెండేళ్లలో మూడిళ్లు మారినారు. మూడూ మోహన్‌కుమార్ నోటి వల్ల పోయినవే. కూతురి పుస్తకాల మూట ఇంకోసారి కట్టే ఓపిక పుష్పావతికి లేదు. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు.

శుక్రవారం మోహన్‌కుమార్ ఫ్యాక్టరీకి లీవు పెట్టి, పురుగుల గదిలో నిచ్చెన వేసుకొని, పాత పైపు పీకేసి ఏదో కొత్తది వేసినాడు. ఆ సాయంత్రమే గదిలో పురుగుకు రోగం రాకుండా మందు కొట్టి తాళం వేసినారు. నిన్న బేసిను కింద బొక్కెన పొడిగా ఉంది. ఈరోజూ పొడిగానే ఉంది. పుష్పావతి వేళ్లు పెట్టి తడిమి చూసింది. పొడే. మొగుడు చేసిన పని ఒక్కటైనా నిలిచిందని మొదటిసారి నమ్మబుద్ధయింది. నమ్మినందుకే ఇప్పుడు భయం.

"ఒక నట్టు, ఒక వాషరు, ఒక పైపు. అంతే కదప్పా," అంటున్నాడు మోహన్‌కుమార్. "దీనికోసరం మారియప్ప కాళ్లు పట్టుకునేది ఎందుకని నేనే దిగినాను. కటింగ్ ప్లేయర్‌తో నట్టు పట్టినాను. కదల్లేదు. కదల్లేదంటే ఊరికే కాదు, ముత్తప్పా, మీ ఫారంలో ఎద్దు మాదిరి మొండికేసింది. సరే, నువ్వా నేనా చూస్తాం అని బనీను విప్పినాను, గోడకు ఒక కాలు తన్నిపెట్టినాను, ఆంజనేయస్వామిని తలుచుకున్నాను, ఒక్క తిప్పు తిప్పినాను. తిరిగింది! నట్టే తిరిగిందనుకున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" ముత్తప్ప ముందుకు జరిగినాడు.

"తిరిగింది నట్టు కాదప్పా. ఇల్లు."

చెన్నకేశవ సాన ఆపినాడు. "యా ఇల్లు? నా ఇల్లా?"

"నీ ఇల్లే కేశవన్నా. కిటికీలోనుంచి చూస్తే ఎదురుగా ఉండాల్సిన ముత్తప్ప ఇల్లు లేదు, ఆ స్థలంలో కరెంటు స్తంభం ఉండాది. తూర్పు చూసే వాకిలి ఈశాన్యం చూస్తా ఉండాది. నాకు గుండె జల్లుమంది. వాస్తు చెడిపోతే అన్న ఊరుకుంటాడా అని, అట్లనే ఊపిరి బిగబట్టి, రివర్సులో మెల్లిగా తిప్పి, యాడిది ఆడ పెట్టేసినాను. నువ్వు తోటకు పోయుంటివి. నీకు తెలీదు."

"నేను ఇంట్లోనే ఉంటినే," అంది మునిలక్ష్మమ్మ.

"నువ్వు నిద్రలో ఉంటివి పెద్దమ్మా. నీకు మెలకువ రాకూడదనే కదా ఉయ్యాల ఊపినట్టు తిప్పినాను!"

మునిలక్ష్మమ్మ వక్కను ఈ చెంప నుంచి ఆ చెంపకు మార్చింది. "అట్లనా. ఆ పొద్దు తల తిరిగితే బీపీ అనుకొని అనవసరంగా మాత్ర మింగినాను."

అందరూ నవ్వినారు. ముత్తప్ప మాత్రం నవ్వలేదు. "శుక్రవారమే కదా? ఆ పొద్దు మా ఫారంలో నాలుగు ఆవులు దోవ తప్పి పక్క షెడ్డులోకి పోయినాయి," అన్నాడు, ఆలోచిస్తూ.

"చూసినారా!" మోహన్‌కుమార్ తొడ చరిచినాడు. "మనిషి అబద్ధం చెప్తాడు, ఆవు చెప్తుందా? సరే, నట్టు ఊడింది. పైపు లోపల రెండు వేళ్లు పెట్టినాను. జుట్టు తగిలింది. పట్టుకొని లాగినాను."

పుష్పావతి ఇంకో బీన్సు కాయ తుంచింది. ఆ పొద్దు టార్చి పట్టుకున్నది ఆమె. పైపులో దొరికింది రంజిత జడ రబ్బరు బ్యాండు ఒకటి, పేస్టు మూత ఒకటి.

"లాగితే వస్తా ఉండాది, వస్తా ఉండాది, బాత్రూము నిండింది, వంటింట్లోకి పోయింది, మెట్లు దిగింది, ఎంతకీ తెగదు. నాకు పంతం పట్టుకుంది. దీని కొస యాడుందో చూసేదాకా వదిలేది లేదు అనుకున్నాను. కృష్ణగిరి రోడ్డులో సూలగిరి కాడికి వచ్చేటప్పటికి నా చేతికి తెలుస్తా ఉండాది, ఆడ కొండ మలుపు కదా, జుట్టు బండకు ఒరుసుకుంటా ఉండాది. రెండు చేతులా పట్టి ఇంకొక్క గుంజు గుంజినాను. అంతే! కృష్ణగిరిలో ఎవురో ఆడమనిషి 'ఎవుడ్రా నా జడ లాగేది' అని అరిచిందప్పా! పైపులో గణగణమని ఇనపడింది. అరవంలో అరిచింది."

"అరవంలో ఏమని?" అడిగినాడు వెంకటేశులు.

"చెప్పకూడదు. ఆడోళ్లు ఉండారు."

"నువ్వేం చేసినావు?" ముత్తప్ప.

"మర్యాదస్తుణ్ణి కదా, వదిలేసినాను. పైపుకు నోరు పెట్టి మన్నించమ్మా అని చెప్పినాను. అరవంలోనే."

వెంకటేశులు తల ఎగరేసి నవ్వినాడు. మోహన్‌కుమార్‌కు ఊపు వచ్చింది. లేచి నిలబడినాడు. నిలబడినాడంటే ఇంక ఆగడు. పుష్పావతి చెన్నకేశవ ముఖం చూసింది. ఆయన కత్తి అంచును బొటనవేలితో చూసుకుంటున్నాడు.

"జుట్టు పోయింది కదా, దోవ తెరుచుకుంది. తెరుచుకుంటే నీళ్లు కిందికి పోవాల. పోలేదు. పైకి వచ్చినాయి! యాడి నీళ్లనుకున్నారు? కృష్ణగిరి డ్యాము నీళ్లు. బుస్సుమని ఏనుగు తొండం మాదిరి లేచినాయి. ఒక్క నిమిషం ఆలస్యమై ఉంటే మత్తిగిరి లేదు, హోసూరు బస్టాండులో పడవలు తిరుగుతా ఉంటాయి. ఈ బొటనవేలు పెట్టి అదిమినాను. మూడు గంటలప్పా! కుడిచెయ్యి పైపు మీద, ఎడమచేత్తో ఇడ్లీ తిన్నాను, పేపరు చదివినాను, గడ్డం కూడా గీసుకున్నాను. చూడండి, కట్టు ఇంకా ఉండాది."

బొటనవేలు గాలిలో చూపించినాడు. అది కటింగ్ ప్లేయర్‌లో పడి నలిగిన వేలు. అప్పుడు ఆయన "అమ్మా" అని అరిచిన అరుపుకు రంజిత పుస్తకం పారేసి పరుగెత్తి వచ్చింది. పసుపు పెట్టి కట్టు కట్టింది పుష్పావతి.

"కృష్ణగిరి మనకంటే పల్లం కదా మోహనన్నా," అన్నాడు వెంకటేశులు. "నీళ్లు పైకెట్ల ఎక్కినాయి?"

"డ్యాము ఆఫీసర్లు కూడా ఇదే అడిగినారు."

"వాళ్లు యాడ వచ్చినారు?"

"రాకుండా ఉంటారా? ఆడ నీళ్లు రెండడుగులు దిగిపోతే! జీపు వేసుకొని, నీళ్ల దోవ పట్టుకొని, వెతుక్కుంటా వెతుక్కుంటా మన బాత్రూముకు వచ్చినారు. ముగ్గురు. ఎక్కినాయా లేదా మీ కళ్లతోనే చూస్తా ఉండారు, ఎట్ల ఎక్కినాయో చదువుకున్న మీకు తెలియాల కానీ నన్ను అడిగేదేంది అన్నాను. కిక్కురుమనలేదు. వేలుకు సెల్యూటు కొట్టి, కాఫీ తాగి పోయినారు. కావాలంటే పుష్పావతిని అడగండి."

ఎవరూ అడగలేదు. చెన్నకేశవ కత్తిని గోడకు ఆనించినాడు.

"డ్యాము సంగతి అట్ల ఉండనీ మోహనా. రేపు పొద్దున ఏడు గంటలకు తట్టల్లోకి పసి చాకీ పురుగు దిగుతుంది. నాకు ఒకటే చెప్పు. కారేది నిలిచిందా, లేదా?"

మోహన్‌కుమార్ నోరు తెరిచేలోపల పుష్పావతే అంది.

"నిలిచిందన్నా. రెండు రోజులుగా బొక్కెన పొడిగా ఉంది."

చెన్నకేశవ ఆమె వైపు తిరిగి చూసినాడు. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదని ఆయనకు తెలుసు.

"నువ్వు చెప్తే సరేనమ్మా. ఉండండి."

అంతే. రంజిత పుస్తకాలు గూట్లోనే ఉంటాయి. పుష్పావతి ఊపిరి వదిలి, బీన్సు చేటను ఒళ్లోకి లాక్కుంది. మాట అక్కడితో ముగిసి ఉంటే ఎంత బాగుండేది.

"నిలవకుండా యాడికి పోతుంది?" అన్నాడు మోహన్‌కుమార్. "వేసిన పైపు అట్లాంటిది! బజారులో దొరికే సరుకు కాదు. ఇజ్రాయిల్ పైపు. ఆ దేశంలో దానిమీద యుద్ధం ట్యాంకులు పోయినా చిట్లదు. మా ఫ్యాక్టరీకి జపాన్ ఇంజనీరు వచ్చినాడు కదా, శనివారం నేను దాని గురించి చెప్తా ఉంటే నోరు తెరిచి టోపీ తీసేసినాడు. చెవిలో మెల్లిగా చెప్పినాడు, 'మిస్టర్ మోహన్, ఎవురికీ చెప్పద్దు, మా రాజుగారి ఇంట్లో కూడా బేసిను కారుతా ఉండాది. మూడు తరాలుగా కారుతా ఉండాది. బంగారు బొక్కెన పెట్టుకొని ఉండారు.' విమానం టికెట్టు తీసి జేబులో పెట్టినాడు. నేనేమన్నానో తెలుసా? వద్దు సామీ, పాపకు పరీక్షలు ఉండాయి, రాజుగారిని ఏప్రిల్ దాకా తాళుకోమని చెప్పు అన్నాను!"

ముత్తప్ప కళ్లు మెరిసినాయి. "టికెట్టు యాడ?"

"వాపసు ఇచ్చేసినాను. మనకెందుకప్పా పరాయి సొమ్ము."

వెంకటేశులు మాత్రం ఈసారి నవ్వలేదు.

"ఇజ్రాయిల్ పైపు నీకు యాడ దొరికింది మోహనన్నా?"

"బాగలూరు రోడ్డులో గులాబీ షెడ్లు ఉండాయి కదా. కంచె బయట చుట్ట చుట్టి పారేసి ఉండారు. వాళ్లకు విలువ తెలీదు."

"నల్లగా ఉండాదా?"

"కాకి మాదిరి."

"వేలంత లావు?"

"వేలంతే. అందుకే బేసిను మూతికి సైకిల్ ట్యూబు చుట్టి, కట్టుకంబి వేసి బిగించినాను. ఆ తెలివి ఎవురికి వస్తుంది?"

"ముక్క ఏమన్నా మిగిలిందా?"

"మిగలకుండా ఉంటుందా!" మోహన్‌కుమార్ రెండేసి మెట్లు ఎక్కి, బారెడు ముక్క తెచ్చి, పూలదండ ఇచ్చినట్టు రెండు చేతులతో ఇచ్చినాడు.

వెంకటేశులు దాన్ని అందుకున్నాడు. ఒక కొస మడిచి పిడికిట్లో బిగించినాడు. చెంబు అందుకొని రెండో కొసలో నీళ్లు పోసి, పైపును ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు.

ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత పైపు కడుపున చిన్న చుక్క ఊరింది. ఊరి, లావై, తిన్నె మీద పడింది. అక్కడికి మూరెడు దూరంలో ఇంకొకటి. ఆపైన మూరెడు దూరంలో ఇంకొకటి.

"చిల్లులు పడినాయా?" అన్నాడు ముత్తప్ప.

"చిల్లులు కాదప్పా. చేసినవాడే పెట్టిన బెజ్జాలు. ఇది డ్రిప్ పైపు. మూరకొక బెజ్జం, లోపల ఒక బిళ్ల. ప్రతి చెట్టు మొదట్లో చుక్క చుక్కగా పడాలని. నా గులాబీతోటంతా ఇదే ఉండాది." వెంకటేశులు పైపు దించినాడు. "మోహనన్నా, నువ్వు కారేదాన్ని నిలపలేదు. కొలత పెట్టి, వరస కట్టి, గదంతా పారించినావు."

తిన్నె మీద నవ్వులు రేగినాయి. పుష్పావతికి నిన్నటి బేసిను గుర్తుకొచ్చింది. ముఖం కడిగితే బేసినులో నీళ్లు దిగేదానికి అర్ధగంట పట్టేది. సన్న పైపు కదా అనుకుంది. ఆ నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో ఇప్పుడు తెలిసింది. పొడిగా ఉందని మాట ఇచ్చింది ఆమె.

మునిలక్ష్మమ్మ లేచింది. వక్క ఊసి, నోరు పుక్కిలించింది. పురుగుల గది వాకిట్లో ఉన్న బ్లీచింగ్ నీళ్ల తొట్టిలో కాళ్లు ముంచి, తాళం తీసి లోపలికి పోయింది. తిన్నె మీద ఉన్నవాళ్లంతా ఆ వాకిలి వైపే చూస్తున్నారు. మోహన్‌కుమార్ కూడా.

ఆమె వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"పదకొండు," అంది. "పైపు కింద పదకొండు తట్టలు నానిపోయినాయి. నడమ నడమ ఉండే తట్టలకు చుక్క కూడా తగల్లేదు. ఎవురో లెక్కపెట్టి పోసినట్టుగా ఉండాది. మందు కొట్టిన తడి ఆరిపోయుంటుందని అనుకొని ఉంటిమి, ఇది ఇంకా పడతానే ఉండాది."

మోహన్‌కుమార్ గొంతు సవరించుకున్నాడు.

"అదే కదా పెద్దమ్మా నేను మొదటినుంచీ చెప్దామని ఉండేది! వేసింది కావాలనే. ఎండాకాలం కదా, గది ఎండిపోతుంది. మీరు గోనెపట్టలు తడిపి తడిపి వేలాడదీసి నడుములు విరగ్గొట్టుకుంటా ఉంటారు. పురుగుకు తేమ కావాల, పెద్దమ్మకు శ్రమ ఉండకూడదు అని రెండు రాత్రులు నిద్ర లేకుండా ప్లాను వేసినాను. గవర్నమెంటు పట్టు ఆఫీసులో కూడా ఈ ఏర్పాటు లేదు!"

"ఏమి తేమప్పా అది?" అంది మునిలక్ష్మమ్మ. "పొద్దున నువ్వు ఊసిన పేస్టు నురుగు, నువ్వు గీక్కున్న గడ్డం నీళ్లు. వక్క నమిలిన నోటితో నేనే ఆ గది గడప తొక్కను. నా పురుగులకు నీ గడ్డం నీళ్లు పోసి తలంటుతావా? తడి తగిలిన పురుగు తెల్లగా సున్నం కట్టి చస్తుందని నా మనవడికి కూడా తెలుసు. మీ జపాను రాజుకు పెట్టు ఆ పైపు."

ముందు నవ్వింది ముత్తప్ప. పొట్ట పట్టుకొని, గోడకు ఒరిగి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వినాడు. మోహన్‌కుమార్‌ను చూసి ముత్తప్ప నవ్వడం అదే మొదలు. మోహన్‌కుమార్ మెల్లిగా కూర్చున్నాడు.

చెన్నకేశవ నవ్వలేదు.

"అమ్మా పుష్పావతీ, పొడిగా ఉందంటివే."

పుష్పావతి చేట పక్కన పెట్టి లేచింది. మెట్ల పిట్టగోడ పట్టుకుంది.

"ఉన్నదే చెప్పినానన్నా. బొక్కెన పొడిగానే ఉంది. కింద నేను చూడలేదు. చూడకుండా చెప్పింది నా తప్పే." మేడ వైపు చూపించింది. "ఇప్పుడే పోయి ఆ పైపు పీకేస్తాను. బేసిను కూడా దించేస్తాను. నేల బెజ్జం సిమెంటుతో మూసేస్తాను. తట్టలు నేనే కడిగి, సున్నం చల్లి, పొద్దునకు ఆరబెడతాను. మాకు బేసిను వద్దన్నా. చెంబు చాలు. పాప పరీక్షలు అయ్యేదాకా..."

కొంగు నడుముకు బిగించింది.

"బేసిను దించేస్తావా?" అన్నాడు మోహన్‌కుమార్. ఆ సాయంత్రం ఆయన అడిగిన ప్రశ్నల్లో, జవాబు తనకు తెలియనిది అదొక్కటే.

ఆమె చెన్నకేశవనే చూస్తోంది. చెన్నకేశవ తల్లిని చూసినాడు. మునిలక్ష్మమ్మ తాళంచెవి నడుముకు దోపుకుంది.

"సిమెంటు వెనక షెడ్డులో అర మూట ఉండాది," అంది. "తాపీ కూడా ఆడనే. తట్టలు నువ్వొక్కదానివే మొయ్యలేవు, నేనూ వస్తాను. కాళ్లు కడుక్కో."

చెన్నకేశవ మెల్లిగా తల ఊపినాడు. "పరీక్షలే కాదమ్మా. చెంబుతో గడుస్తుందంటే ఎన్నాళ్లయినా ఉండండి."

వెంకటేశులు సిమెంటు తెచ్చేదానికి పంచె ఎగ్గట్టి కదిలినాడు. ముత్తప్ప నిచ్చెన కోసం పోయినాడు. అందరూ లేచేటప్పటికి మోహన్‌కుమార్ కూడా లేచి, చొక్కా చేతులు మడిచినాడు.

"బేసిను దించేదానికి ఒక పద్ధతి ఉండాదప్పా. పెద్ద పనేమీ కాదు. పోయిన సంవత్సరం మా ఫ్యాక్టరీలో ఇంత పెద్ద ట్యాంకు, ఒక్క చేత్తో..."

పుష్పావతి మొదటి మెట్టు మీద ఆగి, వెనక్కి తిరిగింది.

"మీరు ఈడనే కూర్చొని చెప్తా ఉండండి," అంది. "చేతులు మాత్రం ఒళ్లో పెట్టుకోండి."